‘వచ్చు’లో ‘రా’ ఎక్కడి నుంచి వచ్చింది?

గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరబోయే ముందు కోరంగి పాయ విడిపోయే చోట యానాం ఉన్నది. చుట్టూ తెలుగు పల్లెలే. అయినా, నడుమ నడుమ ఇంగ్లీషువారు ఆక్రమించుకున్న కాలం మినహాయిస్తే, 18వ శతాబ్ది మొదటి పాదం నుంచి 1954 వరకు ఈ ఊరు ఫ్రెంచివారి పాలనలోనే ఉండేది. ఇక్కడి బడులలో పిల్లలు తెలుగుతో పాటు ఫ్రెంచి కూడా వల్లె వేసేవారు.

ఆ మధ్య ఒక పెండ్లికి యానాం వెళ్లినప్పుడు భోజనాల పంక్తిలో నా ప్రక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. 1954కు ముందు ఫ్రెంచి బడిలో అక్షరాలు దిద్దినవారు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతానని తెలిసి, “మాస్టారూ, మా చిన్నప్పటి పాఠం ఒకటి అప్పజెబుతాను, వినండి” అన్నారు. ‘నేను వెళ్తున్నాను’ అనడానికి ‘జ వే’. ‘మేము వెళ్తున్నాము’ అనడానికి ‘నూ జలోఁ’. ‘నేను రేపు వెళ్తాను’ అనడానికి ‘జిరే’. అంటే ఒకే క్రియ ఒక చోట ‘వే’, ఒక చోట ‘అలోఁ’, మరొక చోట ‘ఇరే’ అయిందన్నమాట. ఈ మూడింటికీ ఒక్క అక్షరం పోలిక లేదు. “ఇదేమి భాషండీ! పాపం, పిల్లలు ఎట్లా నేర్చుకునేవారు?” అన్నాను.

ఆయన విస్తట్లో చేయి ఆపి నవ్వారు. “మరి మన మాటో? వచ్చాడు అంటాం, వస్తున్నాడు అంటాం. పిలవాల్సొస్తే ‘వచ్చు’ అంటామా? ‘రా’ అంటాం. రాలేదు, రాడు, రాక, రాకపోక. ‘వచ్చు’లో ‘రా’ ఎక్కడుందండీ మాస్టారూ?”

నా దగ్గర సమాధానం లేదు. పుట్టిన నాటి నుంచి రోజుకు వందసార్లు వాడుతున్న మాట. ఇంత కాలానికి ఒకరు అడిగితే గాని అందులో ఒక ప్రశ్న ఉన్నదని తోచలేదు. ఇంటికి వచ్చిన తరువాత పుస్తకాలు తిరగవేశాను. అప్పుడు తెలిసిన సంగతి ఏమంటే, ఆ రెండు ప్రశ్నలూ పైకి ఒకే రకంగా కనిపిస్తాయి గాని వాటి సమాధానాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

ముందు ఫ్రెంచివారి సంగతి తేల్చుకుందాము. అది సులభం.

క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దిలో జూలియస్ సీజరు గాల్ దేశాన్ని జయించాడు. నేటి ఫ్రాన్సు చాలవరకు ఆ గాల్ దేశమే. రోమను సైనికులు, వర్తకులు, స్థిరపడిన రైతులు తమ వెంట లాటిను భాషను తెచ్చారు. అది పండితులు వ్రాసిన లాటిను కాదు, సంతలో బేరమాడుకునే లాటిను. 5వ శతాబ్దిలో పశ్చిమ రోమను సామ్రాజ్యం కూలిపోయిన తరువాత ఏ ప్రాంతపు లాటిను ఆ ప్రాంతంలో తన దారిన తాను మారుతూ పోయి, ఇటాలియను, స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచి, రుమేనియను మొదలైన భాషలుగా తేలింది. లాటినులో ‘వచ్చు’ అనే అర్థం గల క్రియ ‘వెనీరె’. ‘అతడు వస్తాడు’ అనడానికి ‘వెనిత్’ అనేవారు. అదే ఇటాలియనులో ‘వ్యేనె’, స్పానిష్‌లో ‘బ్యేనె’, రుమేనియనులో ‘వీనె’, ఫ్రెంచిలో ముక్కుతో పలికే ‘వ్యేఁ’ అయింది. స్పానిష్‌వారు ‘వ’ అక్షరం వ్రాసి కూడా ‘బ’ అని పలుకుతారన్న సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికి వస్తుంది.

‘వెనీరె’ ఇట్లా క్రమంగా సాగింది గాని ‘పోవు’ అనే అర్థం గల ‘ఈరె’ అనే క్రియకు గడ్డుకాలం వచ్చింది. దాని రూపాలు మరీ పొట్టివి. ‘నేను పోతాను’ అంటే ‘ఏఓ’, ‘అతడు పోతాడు’ అంటే ‘ఇత్’. వందల ఏండ్ల పాటు నోళ్లలో నలిగి అక్షరాలు అరిగిపోయే వేళకు ఇవి చెవికి ఆనకుండా పోయాయి. అందుచేత జనం బరువైన మాటలు వెతుక్కున్నారు. ‘చరచరా సాగిపోవు’ అనే అర్థం గల ‘వాడెరె’ నుంచి ఫ్రెంచిలో ‘వే’ వచ్చింది. ‘అలోఁ’ అన్నది ‘నడచు’ అనే అర్థం గల ‘అంబులారె’ నుంచి వచ్చిందని చాలమంది భాషావేత్తలు చెబుతారు. పాత ‘ఈరె’ మాత్రం భవిష్యత్తును చెప్పే ‘ఇరే’లో దాగి బ్రతికింది. స్పానిష్‌వారు ఇంకొక అడుగు వేసి, ‘వెళ్లాను’ అనడానికి ‘ఉండు’ క్రియ నుంచి ఒక రూపాన్ని అరువు తెచ్చుకున్నారు. కాబట్టి యానాం పెద్దాయన అప్పజెప్పిన మూడు ముక్కలూ నిజంగానే మూడు క్రియలు. మూడిళ్ల పిల్లలు ఒక ఇంట పెరిగి ఒక ఇంటిపేరు పెట్టుకున్నట్లు.

ఇంగ్లీషులో ‘గో’కు భూతకాలం ‘వెంట్’ కావడం కూడా ఇటువంటిదే. అందువల్ల మన ‘వచ్చు’, ‘రా’ కూడా రెండు వేరు క్రియలై ఉంటాయని తోచడం సహజం. మన పాత వ్యాకరణ పద్ధతిలో ఒకదాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చోవడాన్ని ‘ఆదేశం’ అంటారు. ఆదేశమని పేరు పెడితే ఏది ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. ఎందుకు వచ్చిందో తెలియదు.

ఫ్రెంచివారి చిక్కు విడదీయడం సులభమైనది తల్లిభాష పుస్తకాలలో నిలిచి ఉన్నందువల్ల. లాటిను శాసనాలు, కావ్యాలు, ఉత్తరాలు, చివరకు గోడల మీద గీకిన బూతులు కూడా దొరుకుతున్నాయి. మనకు ఆ అదృష్టం లేదు. తెలుగు, తమిళ, కన్నడాలకు తల్లి అయిన భాషను ఎవరూ వ్రాసిపెట్టలేదు. కాబట్టి బిడ్డల ముఖాలు చూసి తల్లి ముఖం ఊహించాలి.

ఈ పని తెలుగు విషయంలో మొదలై రెండు వందల ఏండ్లు దాటింది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు, సంస్కృతం, గ్రీకు, లాటిను ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని చెప్పినది లోకప్రసిద్ధం. ఆ తరువాత చాలమంది దొరలు భారతదేశపు భాషలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని తీర్మానించుకున్నారు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీ కూడా ఆ అభిప్రాయం గలవాడే. దీనిని ఎదిరించినవాడు మదరాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో ఎ. డి. కాంబెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ఒక పీఠిక జోడించి, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను ప్రక్కప్రక్కన నిలబెట్టి, ఇవి తమలో తాము అక్కచెల్లెండ్రని, వీటి మూలం సంస్కృతం కాదని చూపించాడు. ఈ పనిలో ఆయనకు ఆధారమైనవారు మన పండితులు. మదరాసు కాలేజీలో వేదం పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికను, మచిలీపట్నం వాస్తవ్యుడు మామిడి వెంకయ్య నిఘంటువును ఎల్లిస్ వాడుకున్నాడు. సాధారణంగా ఈ కీర్తి అంతా 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించిన రాబర్ట్ కాల్డ్వెల్‌కే పోతుంది. కాల్డ్వెల్ గొప్పవాడే గాని నలభై సంవత్సరాల తరువాతివాడు.

ఇక మన క్రియను అక్కచెల్లెండ్ర ప్రక్కన నిలబెట్టి చూద్దాము. తమిళంలో ‘రా’ అని పిలవడానికి ‘వా’ అంటారు. ‘వచ్చాడు’కు ‘వందాన్’. ‘రాదు’కు ‘వరాదు’. కన్నడంలో వరుసగా ‘బా’, ‘బందను’, ‘బారదు’. తమిళంలో ‘వ’ ఉన్న చోట కన్నడంలో ‘బ’ ఉండడం చూసి కంగారుపడవద్దు. మన వేరు వారికి బేరు, మన విల్లు బిల్లు, మన వెన్న బెణ్ణె. స్పానిష్‌వారి నోటికి పట్టిన అలవాటే కన్నడిగుల నోటికీ పట్టింది. వేల మైళ్ల దూరంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, పెదవులు ఒకే పని చేశాయి.

ఈ మూడు వరుసలలో నన్ను ఆపివేసినది చివరిది. వరాదు, బారదు, రాదు. మొదటి రెండింటిలో ‘వ’ లేక ‘బ’ ఉన్నది, దాని వెనుక ‘ర’ ఉన్నది. మన మాటలో ‘ర’ మాత్రమే మిగిలింది. పోలిక ధ్వనిలోనే కాదు, వాడుకలో కూడా ఉన్నది. మనం ‘చేయరాదు’ అంటే కేవలం రాకపోవడం కాదు, నిషేధం. కన్నడంలో ‘మాడబారదు’ అంటే అచ్చంగా అదే. ‘నాకు తెలుగు రాదు’ అని మనం అన్నట్లే కన్నడిగులు ‘ననగె తెలుగు బరువుదిల్ల’ అంటారు. భాష మనిషి దగ్గరకు నడిచి రావడమేమిటి? ఈ వింత ఊహ రెండు ఇళ్లలోనూ ఉన్నది. తమిళంలో రాబడికి ‘వరవు’, రాకపోకలకు ‘పోక్కువరత్తు’. ‘రాబడి’లోని ‘రా’, ‘వరవు’లోని ‘వర’ ఒకే పనిలో ఉన్నాయి.

అయితే ఇంతమాత్రాన రుజువైనట్లు కాదు. ‘రా’కు చుట్టాలు దొరికారు. ‘వచ్చు’ సంగతి ఏమిటి? అందులో ‘చ్చ’ ఎక్కడిది?

ఇక్కడ మన తెలుగులోనే ఒక చక్కని కుటుంబం ఉన్నది. చచ్చు, తెచ్చు, ఇచ్చు, వచ్చు. నొచ్చు కూడా వీటిలోనిదే. వీటిని వ్యతిరేకార్థంలో వాడి చూడండి. చచ్చు అనేది ‘చావడు’ అవుతుంది. తెచ్చు ‘తేడు’ అవుతుంది. ఇచ్చు పాత తెలుగులో ‘ఈడు’ అవుతుంది, ఇప్పుడు మనం ‘ఇవ్వడు’ అంటున్నాము. ‘చ్చ’ మాయమైంది. అంటే అది ధాతువులో భాగం కాదు, అతికించినది. దానిని ఊడదీస్తే మిగిలేవి చా, తే, ఈ. అతికించినప్పుడు ముందున్న దీర్ఘం హ్రస్వమవుతుంది. తమిళంలోనూ చాలవరకు ఇదే తీరు. ‘చా’కు ‘చెత్తాన్’, ‘తా’కు ‘తందాన్’, ‘ఈ’కు ‘ఈందాన్’, ‘వా’కు ‘వందాన్’. తమిళంలో ‘త్త’, ‘ంద’ ఉన్న చోట తెలుగులో ‘చ్చ’ ఉన్నది. ఆదిలాబాదు కొండల కొలామీ భాషలో ‘వచ్చు’ భూతకాలానికి ‘వత్త్’ అనే రూపం ఉన్నది. (వా, తా జంటలో తెలుగు ‘తా’ను ‘తే’ చేసింది గాని దానికి రేఫను తగిలించలేదు. జంట అయినంత మాత్రాన రెండు ఎద్దులూ ఒకే అడుగు వేయవు.)

చా, తే, ఈ అన్న వరుసలో ‘వచ్చు’కు ఏమి రావాలి? ‘వా’ రావాలి. తెలుగులో ఆ చోటు ఖాళీగా ఉన్నది. అక్కడ ‘రా’ కూర్చున్నది. 1871లో మెండలీఫ్ తన పట్టికలో సిలికాన్ క్రింద ఒక ఖాళీ గడి వదలి, అక్కడ ఉండవలసిన మూలకం గుణాలు ముందే చెప్పాడు. 1886లో జర్మేనియం దొరికి ఆ గడిని నింపింది. రసాయనశాస్త్రం చెప్పుకుని బ్రతికేవాడిని కాబట్టి ఈ ‘వా’ గడి చూడగానే నాకు అదే గుర్తుకు వచ్చింది.

ఖాళీ గడిలోకి ‘రా’ ఎట్లా చేరిందన్నదే అసలు కథ. తెలుగుకు ఒక పాత అలవాటు ఉన్నది. మాటలో రెండవ అక్షరంగా ఉన్న ర, ల వంటి ధ్వనులను ముందుకు లాక్కుంటుంది. తమిళంలో ‘ఉరల్’ అంటే మనకు ‘రోలు’. వారి ‘ఇళ’ మన ‘లేత’. వారి రాత్రి ‘ఇరవు’, మన ‘రేయి’. వారి ‘విరల్’ మన ‘వ్రేలు’, ఇప్పుడు వేలు. వారి ‘మరం’ మన ‘మ్రాను’, ఇప్పుడు మాను. వారి ‘వరై’ మన ‘వ్రాయు’. ధ్వని ముందుకు జరిగినప్పుడు, ఎడమైన రెండు అచ్చులు ఒకదానికొకటి తగిలి కలిసిపోతాయి. ఈ కలయికకు ఒక లెక్క ఉన్నది. ఇకారం, అకారం కలిస్తే ఏకారం: విరల్, వ్రేలు. ఉకారం, అకారం కలిస్తే ఓకారం: ఉరల్, రోలు. అకారం, అకారం కలిస్తే ఆకారం: మరం, మ్రాను. చదువుకున్నవారికి ఇది సంస్కృతపు గుణసంధిలాగా తోస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు, ఇది తెలుగు సొంతంగా చేసుకున్న లెక్క.

ఆ లెక్క ప్రకారం ‘వర’ ఏమి కావాలి? రేఫ ముందుకు రావాలి, రెండు అకారాలు కలిసి ఆకారం కావాలి. ‘వ్రా’ కావాలి. తరువాత ‘వ’ జారిపోతే ‘రా’.

ఇక్కడ తరగతిలో తెలివిగల కుర్రవాడు లేచి అడగవచ్చు. వ్రేలులో ‘ర’ జారి వేలు అయింది గదా, ‘వ్రా’లో ‘వ’ ఎందుకు జారాలి? అడగదగిన ప్రశ్నే. దీనికి సాక్ష్యం మన నోటిలోనే ఉన్నది. వ్రాయు అనే మాటను మనం ఇప్పుడు ఏమంటున్నాము? ‘రాయి’ అంటున్నాము, ‘రాశాడు’ అంటున్నాము. అక్కడ జారినది ‘వ’ కాదా? కొంతకాలం రాజమహేంద్రవరంలో ఉద్యోగం చేసిన సి. పి. బ్రౌన్ 1852లో నిఘంటువు అచ్చువేసినప్పుడు ఈ మాటను ‘వ్రాయు’ అనే ఎక్కించాడు. ఈ వ్యాసంలో నేనూ అట్లాగే వ్రాస్తున్నాను గాని, నిజం చెప్పాలంటే, ఇంట్లో అట్లా అనను. వ్రాయులో మన కాలంలో జరిగినది ‘వ్రా’లో ఎప్పుడో జరిగిపోయింది. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టే నాటికే అది ‘రా’గా స్థిరపడి ఉన్నది. ‘వచ్చు’ అంతకంటే వెనుకటి శాసనాలలో కూడా కనిపిస్తుంది. దానాన్ని చెడగొట్టినవారిని శపించేటప్పుడు ‘వక్రంబు వచ్చు’ అన్న పలుకుబడి వాడేవారు.

ఖాళీ గడి ఖాళీగానే ఉండిపోయిందా? మైదానంలో వెతికితే ఖాళీయే. గోదావరి వెంట ఎగువకు, పాపికొండలు దాటి చింతూరు, భద్రాచలం వైపు పోతే కోయవారి ఊళ్లు వస్తాయి. కోయ గోండీ భాషలో ఒక శాఖ. గోండీలో ఈ క్రియ ‘వాయ్’, పిలుపు ‘వరా’. మన ‘రా’ పోగొట్టుకున్న ‘వ’ వారి పిలుపులో చెక్కుచెదరకుండా ఉన్నది. ఇంకా తూర్పుగా అరకు కొండలలో కొండ అనే భాష ఉన్నది, దానినే కూబి అని కూడా అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆ కొండలలో తిరిగి, విని, వ్రాసుకుని 1969లో దాని వ్యాకరణం ప్రచురించారు. ఆ భాషలో ‘వా’ అనే రూపమూ ‘ర’ అనే రూపమూ రెండూ ఒకే క్రియలో పనిచేస్తున్నాయి. తెలుగులో ఖాళీ అయిన గడి అక్కడ నిండుగా ఉన్నది, ప్రక్కనే మన ‘రా’ తోబుట్టువు కూడా కూర్చున్నది. ఒరిస్సా కొండల కుయి భాషలోనూ ‘వా’యే. ఉత్తరాన ఛోటా నాగపూరులోని కుడుఖ్ భాషలోనూ, ఎక్కడో బలూచిస్తానంలోని బ్రాహుయీలోనూ ‘బర్’ అన్న రూపం నిలిచి ఉన్నది. ఇన్ని సాక్ష్యాలు కలిపి చూసిన తరువాతే భాషావేత్తలు ‘వా’, ‘వర్’ అన్నవి ఒక ధాతువుకు రెండు రూపాలని తేల్చారు. కృష్ణమూర్తి 1961లో అచ్చయిన తెలుగు ధాతువుల గ్రంథంలో తెలుగు క్రియలన్నింటినీ ఇట్లా విప్పి చూపారు. అదే సంవత్సరం బరో, ఎమెనో పండితుల ద్రావిడ పద వ్యుత్పత్తి నిఘంటువు వచ్చింది. 1984లో పెంచి వేసిన ముద్రణలో 5,000కు పైగా పద కుటుంబాలు ఉన్నాయి. మన ‘వచ్చు’, ‘రా’ అందులో ఒకే కుటుంబం క్రింద ఉంటాయి.

కాబట్టి పెండ్లి పంక్తిలో నాకు తోచినదంతా తలక్రిందులు. ఒకటే అనుకున్న ఫ్రెంచి క్రియ మూడు. రెండు అనుకున్న తెలుగు క్రియ ఒకటి.

కొండల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. నేను పాఠం చెప్పిన చోట్ల ఒక దానిలో ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ కుర్రవాడు ఒకడు ఉండేవాడు. తండ్రితో ఫోనులో మాట్లాడవలసి వస్తే వరండా చివరకు పోయి, గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడేవాడు. తోటివారు వింటే నవ్వుతారని. నేను కూడా అప్పట్లో దానిని పట్టించుకోలేదు. తెలుగులోని ఒక మామూలు మాటకు తాళంచెవి ఆ గోడవైపు తిరిగిన గొంతులో ఉండవచ్చునని నాకు తెలియదు. తన చివరి సంవత్సరాలు రాజమహేంద్రవరంలో గడిపిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడే సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నారు. 1930లలో ఆయన సవర వ్యాకరణమూ నిఘంటువూ మదరాసు ప్రభుత్వం అచ్చువేసింది. సవర మన భాషా కుటుంబంలోనిది కానే కాదు, ముండా కుటుంబంలోనిది. అయినా ఆయనకు దాని మీద చిన్నచూపు లేదు. ఇవాళ మన బడులలో మన కుటుంబంలోని భాషల మీదనే ఆ గౌరవం కరువు.

ఇక ఉపాధ్యాయులను ఒక గోతి గురించి హెచ్చరించాలి. ప్రాకృతంలో ‘వచ్చఇ’ అనే క్రియ ఉన్నది. సంస్కృతపు ‘వ్రజ’ ధాతువు నుంచి వచ్చినది. ‘వచ్చు’కు ఇంతకంటే దగ్గరి పోలిక ఎక్కడ దొరుకుతుంది? కాని దాని అర్థం ‘పోతాడు’. అర్థం తిరగబడింది అనుకుని సరిపెట్టుకున్నా, ‘వచ్చఇ’లోని ‘చ్చ’ను ఊడదీయలేరు. అది ధాతువులోనిదే. మన ‘చ్చ’ ఊడుతుంది. ఊడిన తరువాత మిగిలిన ‘వా’, ‘వర్’, ‘రా’ల గుట్టు ప్రాకృతం చెప్పలేదు, తమిళం, కన్నడం, గోండీ చెబుతాయి. అట్లాగే లాటిను ‘వెనీరె’లో ‘వ’ ఉన్నది, అర్థమూ ‘వచ్చు’ అనే, కాబట్టి మన మాటకు చుట్టమని ఎవరైనా అంటే నమ్మవద్దు. ‘వెనీరె’ అసలు చుట్టాలు ఎవరో తెలుసా? సంస్కృతంలోని ‘గమ్’ ధాతువు, ఇంగ్లీషులోని ‘కమ్’. పైకి చూస్తే వకారానికీ గకారానికీ పొత్తు కుదరదు. కాని మూలభాషలో అక్కడ గ, వ కలిసిన ఒక ధ్వని ఉండేది. లాటినులో దానిలోని వకారం మిగిలింది, సంస్కృతంలో గకారం మిగిలింది. ఇది ఒక్క మాటలో కాదు, మాట తరువాత మాటలో జరిగింది కాబట్టి ఒప్పుకుంటాము. ఒక మాట ఒక మాటలాగా వినబడడం సాక్ష్యం కాదు.

మన డెల్టా పల్లెలలో ‘వత్తాను’ అంటారు. బడిలో పిల్లవాడు ఆ మాట అంటే ‘వస్తాను అనరా’ అని మొట్టికాయ పడుతుంది. ‘వచ్చుతాను’ అనే రూపంలో నడుమ ఉకారం పోతే ‘వచ్‌తాను’ మిగులుతుంది. చకారం వెంటనే తకారం పలకడం నాలుకకు కష్టం. ఆ కష్టాన్ని కొందరు చకారాన్ని సకారం చేసి తీర్చుకున్నారు, అది వస్తాను. కొందరు తకారంలో కలిపివేసి తీర్చుకున్నారు, అది వత్తాను. లెక్క ఒకటే, తీర్చిన దారులు రెండు. పరీక్షలో ‘వస్తాను’ అని వ్రాయమని చెప్పండి, తప్పు లేదు. ‘వత్తాను’ తప్పు మాట అని మాత్రం చెప్పకండి. ‘చస్తాను, తెస్తాను, ఇస్తాను’ అన్న మాటలను ఊరిలో ఎవరెవరు ఎట్లా పలుకుతారో వ్రాసుకు రమ్మంటే, పిల్లలు వారం రోజులలో తరగతి గోడంత పట్టిక తెస్తారు.

మళ్లీ యానాం వెళ్లినప్పుడు పెద్దాయన ఇంటికి పోయి ఇదంతా చెప్పాను. వాలుకుర్చీలో కూర్చుని, రోలూ వ్రేలూ మ్రానూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చివరిదాకా విన్నారు. విని, “బాగుందండీ. మరి ‘రా’ అని పొడుగ్గా పిలుస్తాం గదా, ‘రండి’ అనేటప్పుడు పొట్టిగా అంటామేం?” అన్నారు. ఈసారి నేను సిద్ధంగానే ఉన్నాను. పో, పొండి. లే, లెండి. తే, తెండి. రా, రండి. ‘ండి’ ముందు దీర్ఘం నిలవదండీ అన్నాను. ఆయన నాలుగు జతలూ ఒకసారి పెదవులతో పలికి చూసుకుని, లోపలికి తిరిగి, “అమ్మాయ్, మాస్టారికి కాఫీ తే” అని కేకవేశారు.